బలుసాకు తిన్నాం కాబట్టే బతికున్నాం

‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అనే సామెత తెలుగు బడిలో చదివిన ప్రతివాళ్లకూ వచ్చు. ప్రాణం మిగిలితే చాలు, ఆకూ అలమూ తినైనా కాలం గడపొచ్చని దాని అర్థం. ఆ అర్థం బోర్డు మీద రాసే మాస్టారికి, వెనక వరసలో కూర్చున్న యానాది పిల్ల రాత్రి ఆ కూరతోనే అన్నం తిని వచ్చిందని తెలుసా? ఆ పిల్ల తల వంచుకుంటుంది. తప్పు ఆకుది కాదు, ఆ పాఠానిది.

పిడుగురాళ్ల చుట్టూ రాతి గుట్టల మీద, చేల గట్ల మీద బలుసు పొదలు పెరుగుతాయి. కొమ్మకు ఎదురెదురుగా ముళ్లు, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో చిన్న పూలు, పండితే పసుపుపచ్చని తీపి కాయలు. వాన పడగానే వేసిన లేత చిగురును పప్పులో వేస్తాం, పచ్చడి నూరుతాం. నీళ్లు పెట్టేవాళ్లు లేరు, ఎరువు వేసేవాళ్లు లేరు. కరువులోనూ చేతికి అందే కూర అది.

శాస్త్రం దీన్ని కాంథియం కోరమాండెలికం అంటుంది. కోరమాండల్ అనేది మన తూర్పు తీరానికి ఐరోపావాళ్లు వాడిన పేరు. తీరం పేరు ఎక్కింది గానీ, ఆకు తిన్నవాళ్ల పేరు ఎక్కడా ఎక్కలేదు.

‘ఇంకా ఆకులే తినమంటారా?’ అని మన యువకులే అడుగుతారు. కాదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు మన హక్కు, రేషన్ బియ్యం మన హక్కు. వాటిని అడుగుదాం. కానీ వాటి కోసం మన తిండిని చూసి సిగ్గుపడాల్సిన పని లేదు. నిన్నటి పెరటి మునగాకు ఇవాళ పొడిగా మారి సీసాల్లో అమ్ముడవుతోంది. రేపు బలుసాకూ అలాగే వస్తే, డబ్బిచ్చి కొనుక్కునేది మనమే.

సున్నపురాయి కోసం గుట్టను తవ్వితే రాయితో పాటు పొదా పోతుంది. లెక్కల్లో రాయికి ధర ఉంటుంది, పొదకు ఉండదు. అడవిలో నివసించే గిరిజనులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది. మన పెద్దలు ఏ గుట్ట మీద ఏ ఆకు కోశారో రాసి పెట్టకపోతే, ఆ హక్కును ఏం చూపించి అడుగుతాం?

టీచర్లకు ఒక మాట. ఈ వానాకాలం పిల్లలను, ఆకు తెలిసిన ఒక అవ్వను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కండి. చెట్ల పేర్లు అవ్వ చెబుతుంది, పిల్లలు రాసుకుంటారు. సుగాలీ, ఎరుకల పిల్లలుంటే వాళ్ల భాషలో ఏమంటారో అదీ రాయించండి. ఆ తర్వాత సామెత చెప్పండి.

మేం దాన్ని తిరగేసి చదువుకుంటాం: బలుసాకు తిన్నాం, అందుకే బతికున్నాం.