విప్పితే పోతుందట!

డ్రోన్ కింద పడగానే చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే మాట: "అన్నా, ముట్టుకోవాకు. బెంగుళూరుకు పంపియ్, లేదంటే కొత్తది తీసుకో." కర్నూలు, కడప పెళ్లి ఫొటోగ్రాఫర్లలో ఈ మాట వేదవాక్కయి కూర్చుంది. చూడటానికి జాగ్రత్తలా కనిపించే ఈ సలహాలో భయం పాలే ఎక్కువని నా వాదన.

మన పల్లెల్లో బోరు మోటారు కాలితే రైతు దాన్ని కోయంబత్తూరుకు పంపడు. మండల కేంద్రంలో వైండింగ్ షాపుకు మోసుకొస్తాడు. కాలిన రాగితీగ పీకేసి కొత్తది చుట్టి, మళ్లీ బోరులోకి దించుతారు. వందల అడుగుల లోతున నీళ్లలో తిరిగే మోటారును విప్పే సీమవాళ్లకు, పిడికిట్లో ఇమిడే మోటారును చూస్తే వణుకెందుకు?

పడిన డ్రోనులో సాధారణంగా విరిగేవి చౌకవే. ముందు రెక్కలు పోతాయి. తర్వాత చేతులు, కాళ్లు. మోటారు చేసే పాపమల్లా ఒకటే, దాని గుండ్రటి గిన్నెలో బలమైన అయస్కాంతాలుంటాయి. పెన్నా ఇసుకలో పడితే అందులోని ఇనుప రేణువులు లోపలికి దూరి అతుక్కుంటాయి. బ్యాటరీ తీసేసి, ఒక్కో మోటారునూ వేలితో మెల్లగా తిప్పితే మూడు సాఫీగా తిరుగుతాయి, నాలుగోది గరగరమంటుంది. ఊదినా పోకపోతే విప్పి, టేపు ముక్క అద్ది తీయాలి. ఇరుసు వంగి ఉంటే మోటారే మార్చాలి. ఈ పనికి కావలసింది సన్న స్క్రూడ్రైవర్లు, మంచి వెలుతురు, ఏ మర ఎక్కడిదో గుర్తుపెట్టుకునే ఓపిక. దీనికోసం యంత్రాన్ని కొరియర్లో పంపితే, తిరిగొచ్చేసరికి మూఢం వచ్చి కూర్చుంటుంది.

"విప్పొద్దు" అనేవాళ్లు అసలు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. అది ఎందుకు పడింది? గండికోటనే తీసుకోండి. (పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట అది, అనుమతి లేకుండా ఎగరేయకూడదన్న సంగతి మన షూటింగుల వాళ్లకు ఎప్పుడూ ఆలస్యంగానే గుర్తొస్తుంది.) కోట అంచున నిలబడి డ్రోనును లోయలోకి దించితే బండ అడ్డమై సిగ్నల్ తెగుతుంది. అప్పుడది తనంతట తాను తిరుగుదారి పడుతుంది. పైకి లేచే దారిలో పొడుచుకొచ్చిన బండ ఉంటే దానికి కొట్టుకుంటుంది. పక్కలు చూసే సెన్సర్లు చాలా చిన్న డ్రోన్లకు ఉండవు. తప్పు గాలిదా, దిక్సూచిదా, బ్యాటరీదా అన్నది ఫోన్‌లో మిగిలిన ఫ్లైట్ రికార్డూ, ఎగరేసినవాడి జ్ఞాపకమూ కలిస్తేనే తేలుతుంది. ఎక్కడో కూర్చున్న మెకానిక్ విరిగిన చేయి మార్చగలడు. ఆ లోయనూ ఆ గాలినీ అతనెక్కడ చూశాడు? కారణం తెలియకుండా బాగుచేయించుకున్న డ్రోన్ వచ్చే నెల మళ్లీ అక్కడే పడుతుంది.

వారంటీ పోతుందంటారు. ఏ వారంటీ? 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. విడిభాగాలకు మాత్రం అడ్డు పెట్టలేదు. ఆ తర్వాత చేతులు మారి మన దాకా వచ్చిన చైనా డ్రోనుకు వారంటీ ఇచ్చేదెవరు?

వాళ్ల వాదనల్లో బరువున్నది ఒకటే: సొంతంగా బాగుచేసినది పెళ్లిపందిట్లో ఎవరి నెత్తిన పడితే? నిజమే. కానీ సర్వీసు నుంచి వచ్చినదైనా పరీక్షించకుండా పందిట్లో లేపితే ప్రమాదం అంతే. ఎవరు బాగుచేసినా దిక్సూచి, సెన్సర్ల కాలిబ్రేషన్ సరిచూసి, ముందు శనగ కోసిన చేలో, మనుషులు లేనిచోట, నడుమెత్తున నిలిపి చూడాలి. ఒక పక్కకు ఒరుగుతుంటే, వణుకుతుంటే పని పూర్తి కానట్టే.

ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటున్నారు, సంతోషం. దాని పక్కనే ఉన్న ఊళ్లో రెక్క మార్చడానికి కూడా మనిషి దొరక్కపోతే ఆ సిటీ ఎవరికి? 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం ఈ విషయంలో మనకంటే తెలివైనది. పొదుపు సంఘంలో ఒక మహిళకు పైలట్ శిక్షణ ఇవ్వడంతో పాటు, కరెంటు సామాన్ల రిపేరు మీద ఆసక్తి ఉన్న మరో సభ్యురాలికో కుటుంబ సభ్యుడికో టెక్నీషియన్ శిక్షణ ఇవ్వాలంది. అవి పొలానికి మందు కొట్టే డ్రోన్లే కావచ్చు. రిపేరు ఊళ్లోనే జరగాలన్న లెక్క కెమెరా డ్రోనుకు మాత్రం ఎందుకు చెల్లదు?

అన్నీ ఇంట్లోనే చేయమనడం లేదు. కెమెరాను నిలకడగా పట్టుకునే గింబల్‌లో కాగితమంత పలుచటి కేబుల్ చిరిగితే చేయి తిరిగినవాడు మార్చగలడు, కొత్తవాడు కెమెరానే పోగొట్టుకుంటాడు. బోర్డు కాలితే అనుభవజ్ఞుడికి ఇచ్చేయడమే మేలు. బ్యాటరీ విషయంలో మాత్రం వాళ్ల మాటే నా మాట. ఉబ్బినా, సొట్టపడినా దాన్ని విప్పకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. ఇంటికి దూరంగా పొడి ఇసుక పోసిన ఇనుప బకెట్లో వేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించాలి. చెత్తబండిలో మాత్రం వేయకూడదు.