పంచాయతీ లెక్క చావడిలో చదవాలి

పంచాయతీకి ఈ ఏడు ఎంత సొమ్ము వచ్చింది, ఏ వీధిలో ఎంత ఖర్చయిందని అడిగితే చెప్పగలిగినవారు చాలా ఊళ్ళలో ముగ్గురో నలుగురో వుంటారు. ఇంటిపన్ను మాత్రం ఊరంతా కడుతున్నది. లెక్క అడిగినవాణ్ణి అవతలి పార్టీ మనిషిగా చూడటం కూడా మామూలైపోయింది.

చట్టం చెప్పేది వేరు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటు దక్కింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరపాలనీ, గడచిన ఏటి లెక్కలూ, ఆడిటు రిపోర్టూ, రాబోయే ఏటి పనులూ దాని ముందు వుంచాలనీ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో వుంది. తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకొకసారి జరపమన్నది.

జరుగుతున్నదేమిటి? పలుచోట్ల మినిట్స్ పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసుకొస్తుంది, సభ మాత్రం కూడదు. కూడినా పగలు పదకొండింటికి! కూలివాడు ఆ పూట కూలి పోగొట్టుకొని వస్తాడా? నోటీసు ఆఫీసు తలుపుకు లోపలివైపు అంటిస్తే శివారు పల్లెవారికి ఎలా తెలుస్తుంది? 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజునే 13,326 పంచాయతీలలో గ్రామసభలు జరిపారు. పైవారు గట్టిగా తలచుకుంటే సభలు కూడతాయన్నమాట. తలచుకోని రోజుల సంగతే చూడాలి.

లెక్క చెబితే సర్పంచికే మేలు. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇవ్వమన్న గ్రాంటులో 60 శాతం తాగునీటికీ, పారిశుధ్యానికీ కట్టుబడిన సొమ్ము. దాన్ని వీధిదీపాలకు మళ్ళించే వీల్లేదు. ఈ ముక్క చావడిలో చెప్పి వుంటే దీపాల కోసం జరిగిన సగం తగువులు వుండేవి కావు. పైనుంచి రావలసింది రాకపోతే ఆ మాటా ఊరికి చెప్పాలి. అప్పుడు నింద ఒక్కడి నెత్తిన పడదు.

మన పల్లెలకు ఇది చేతకాని పనేమీ కాదు. 2006 నుంచి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగాయి. పల్లె కుర్రవాళ్ళే శిక్షణ పొంది, మస్టరు పట్టుకొని గడపగడపకూ వెళ్ళి, పడిన పనిదినాలు నిజమో కాదో కూలీలనే అడిగారు. తేలినదంతా ఊరి సభలోనూ, మండల కేంద్రంలో ప్రజావేదిక మీదా చదివారు. తిన్న సొమ్ము కక్కించిన సందర్భాలూ వున్నాయి.

సభలో అంకెల పట్టీ గడగడా చదివి ముగిస్తే లాభం లేదు. పోయిన సభలో ఏమి చేస్తామన్నారు, ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు - ఇవి చెప్పాలి. ఫలానా వీధి కాలువ పొడవెంత, మంజూరైనదెంత, బిల్లు ఎవరి పేర ఎంత అయింది అన్న తీరున చెబితే చదువురాని ముసలమ్మకూ అర్థమవుతుంది. ఆ కాలువ రోజూ చూసేది ఆమే కదా.

అప్పటికీ చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం వుంది. గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు.

జిల్లా పంచాయతీ అధికారి, మండల అధికారులు సభ సాయంత్రం పూట పెట్టించాలి, ముందురోజు అన్ని వాడల్లో దండోరా వేయించాలి. మినిట్స్ పుస్తకంలోని సంతకాలను మనుషులతో సరిచూడాలి. వచ్చినది, ఖర్చయినది, మిగిలినది పంచాయతీ ఆఫీసు గోడమీద రాయించాలి. రాయించడానికి సర్పంచి పైవారి ఉత్తర్వు కోసం ఆగనక్కరలేదు.