పట్టీ మీద నడక

అమెరికాలోని యోసెమిటీ లోయలో కొండలెక్కే యువకులు 1980 ప్రాంతంలో నైలాను పట్టీని రెండు ఆధారాల మధ్య కట్టి, దానిమీద నడవసాగారు. మన వీధుల్లో తాడుమీద నడిచేవారి తాడు బిగుతుగా ఉంటుంది. చేతిలో గడ ఉంటుంది. ఈ పట్టీ సాగుతుంది, ఊగుతుంది, చేతులే గడ. దీన్ని కోతిచేష్ట అని కొట్టివేసే పెద్దలు పొరబడుతున్నారు. మోకాలెత్తున కడితే పదిసార్లు పడవచ్చు, స్నేహితులతో కలిసి నవ్వుకోవచ్చు. నడక వచ్చేది అలా పడిలేచినవారికే. పందెం కాసి మేడగోడలు పాకడం మాత్రం వేరు. పిట్టగోడ పెచ్చు ఊడిందా, రెండోసారి ఎక్కడమనేది ఉండదు. పిల్లలను గోడ దిగమనే బడి వారికి పట్టీ కట్టి ఇవ్వాలి. రెండు గట్టి చెట్లు, బెరడు ఒరుసుకోకుండా గోనెపట్టా, కింద ఇసుక ఉంటే సరి.