పెంథెసిలియా ఎవరి ప్రేయసీ కాదు

సమీక్షకు వచ్చిన ఒక పిల్లల పుస్తకం మా చేత ఈ మాటలు రాయిస్తోంది. ట్రోజన్ యుద్ధ కథ. అచ్చు, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. అమెజాన్ల రాణి పెంథెసిలియాకు మాత్రం ఒక్క వాక్యం దక్కింది: ఆమె అందం చూసి గ్రీకు వీరుడు అకిలీస్ మనసు పారేసుకున్నాడట. అప్పటికే తన ఈటె ఆమెలో దించాడన్న సంగతి అందులో లేదు.

రాకుమారుడు హెక్టర్ పోయి దిక్కులేకుండా ఉన్న ట్రాయ్‌కి ఆమె పన్నెండుమంది చెలికత్తెలతో వచ్చింది. చెలికత్తెలంటే పూలు కోసేవాళ్లు కాదు, కత్తి పట్టినవాళ్లు. ఎందుకొచ్చిందో స్మిర్నా కవి క్వింటస్ తన కావ్యం మొదటి సర్గలోనే చెప్పాడు. వేటలో జింకకు విసిరిన ఈటె గురితప్పి తోబుట్టువు హిప్పొలిటాను చంపింది. ఆ పాపం కడుక్కోవాలి. యుద్ధదేవుడు ఏరిస్ కూతురికి అందుకు తోచిన చోటు యుద్ధభూమే. ఇంత దుఃఖం మోసుకొచ్చిన మనిషి గురించి చెప్పడానికి ముఖారవిందం తప్ప మరేమీ దొరకలేదా?

బ్రిటిష్ మ్యూజియంలో ఆమె చావును గ్రీకు కళాకారుడు ఎక్సీకియాస్ చిత్రించిన కూజా ఒకటుంది. క్రీ.పూ. 540-530 ప్రాంతానిది. అకిలీస్ ముఖాన్ని శిరస్త్రాణం కప్పేసింది. ఆమె ముఖానికి ఏ మరుగూ లేదు. కూలిపోతూ, తల పైకెత్తి, చంపేవాడి కళ్లలోకే చూస్తోంది. పక్కన ఆమె పేరు కూడా రాశాడు ఆ కుమ్మరి. రెండున్నర వేల ఏళ్ల కిందటి మట్టికూజా ఇచ్చిన పాటి మర్యాద నేటి పుస్తకం ఇవ్వలేకపోయింది.

ప్రేమ లేకపోతే పిల్లలు కథ వినరనేవారున్నారు, విననివ్వండి, చూద్దాం. మన కథల్లోనూ అంతే: యాగాశ్వాన్ని కట్టేసి అర్జునుణ్ణి నిలదీసిన రాణి ప్రమీలను మనం పెళ్లిపీటల మీదే గుర్తుపెట్టుకున్నాం. జర్మన్ నాటకకర్త క్లైస్ట్ 1808లో అచ్చువేసిన నాటకంలో పెంథెసిలియా చేతనే అకిలీస్‌ను చంపించాడు, కానీ దాన్నీ ప్రేమోన్మాదమే చేశాడు. పాత గ్రీకు కథలోనేమో ఆమె శవం ముందు అకిలీస్ విలపిస్తే తోటి గ్రీకు థెర్సిటీస్ వెక్కిరించాడు, అకిలీస్ గుద్దు తిని చచ్చాడు. చచ్చిపడి ఉన్నది ఆమె, తగవు మాత్రం మగవాళ్లది! గ్రీకు వీరుడు పొడార్కీస్‌ను నేలకూల్చిన యోధురాలిని చంపినవాడి నిట్టూర్పుగా మార్చడం కథ చెప్పడం కాదు, దొంగతనం.

ట్రాయ్ రాజు ప్రియాము ఆమె దేహాన్ని ఆయుధాలతో, గుర్రంతో సహా అడిగి తెప్పించుకున్నాడు. చితికెక్కించాడు. అస్థికలను తన తండ్రి లవొమెడాన్ అస్థికల పక్కన ఉంచాడు. పుస్తకం మలి ముద్రణకు వెళితే ఆ చితికి ఒక పేజీ ఇవ్వండి. హిప్పొలిటా పేరు కూడా వేయండి.