శిక్ష తప్పు చేసినోడికా, ఇంటి పట్టాకా?

2021 అక్టోబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సమీక్ష పెట్టి, గంజాయి పండించినోళ్లకు రైతుబంధు ఆపమన్నారు. పోడు పట్టా భూమిలో పండిస్తే ఆ పట్టానే రద్దు చేయమన్నారు. తర్వాత ప్రభుత్వం మారింది. రైతుబంధు పోయి రైతు భరోసా వచ్చింది, ఎకరానికి ఏడాదికి 12 వేలు. ఆ బెదిరింపును వెనక్కి తీసుకున్నామని మాత్రం ఎవరూ చెప్పగా మేము వినలేదు.

గంజాయిని మేము వెనకేసుకురావడం లేదు. మా పిల్లలను పాడు చేస్తున్నదే అది. పండించినోడికి ఎన్‌డీపీఎస్ చట్టంలో పదేళ్ల దాకా జైలు ఉంది, లక్ష దాకా జరిమానా ఉంది. వేయండి. కానీ ఇరవై ఏళ్ల పోరడు పత్తి సాళ్ల మధ్య నాలుగు మొక్కలు పెడితే తండ్రి పెట్టుబడి సాయం ఎందుకు ఆగాలి? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటుంది. కొడుకు తప్పుకు తల్లి హక్కు గుంజుకోమని ఆ చట్టంలో ఏ సెక్షన్ చెప్పింది? మేడారం చుట్టూ కోయగూడేల్లో ఆ కాగితం కోసం ఎన్నేళ్లు తిరిగారో అధికారులకు తెలియదా?

ఇక తాగే పిల్లల సంగతి. 2025 జూన్‌లో నార్కోటిక్స్ బ్యూరోకు 'ఈగల్' అని పేరు మార్చారు. ఏటా జూన్ 26న బడిపిల్లలతో ర్యాలీ తీసి ప్రతిజ్ఞ చేయిస్తారు. పేరు మారింది సరే, మత్తుకు అలవాటు పడ్డ పిల్లగాడిని తీసుకొని తల్లి ఎక్కడికి పోవాలి? అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడుకున్నందుకో, కొద్దిపాటి సరుకుతోనో కేసులో ఇరుక్కున్నోడు తనంతట తాను ప్రభుత్వ వైద్యానికి వచ్చి పూర్తిగా చేయించుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. గంజాయికి కొద్దిపాటి అంటే కిలో లోపు. ఈ సంగతి ఏ ర్యాలీలో చెప్పారు? కేసు పడితే పోలీసు ఉద్యోగం కల పోయినట్టే అని భయపడి, ఇంట్లోనే దాచి కొట్టుకునే తల్లిదండ్రులే మా ఊళ్లలో ఎక్కువ.

మేడారం నుంచి వరంగల్ ఎంజీఎంకు వంద కిలోమీటర్లు. కూలి మానుకొని వారం వారం ఎవరు పోగలరు? ఏటూరునాగారం, ములుగు ఆస్పత్రుల్లో మత్తు మాన్పించే డాక్టరును, పడకలను పెట్టాలి. 64ఎ సెక్షన్‌ను తెలుగులో, కోయ భాషలో గ్రామసభల్లో చదివి వినిపించాలి. పట్టా రద్దు, సాయం నిలిపివేత మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. ఈ మూడింటి మీద తాడ్వాయి తహసీల్దారుకు వినతిపత్రం ఇద్దాం, ప్రతి గూడెం నుంచి ఇద్దరు రండి, తల్లులు తప్పకుండా రావాలి.