నున్నటి పట్టాలు - నిజమైన లెక్కలు

రోలర్ కోస్టర్ గేమ్‌ల మాటొస్తే చాలు, మనవాళ్ళు గ్రాఫిక్స్ పాటే పాడతారు. 2016లో వచ్చిన ప్లానెట్ కోస్టర్ అచ్చం నిజంలా ఉంటుందిట, 1999 నాటి రోలర్ కోస్టర్ టైకూన్ ఉత్త బొమ్మలాటట! నేనొప్పుకోను.

పట్టాలు నున్నగా వంగితే వాస్తవికత వచ్చేయదండీ. లెక్క చూడండి. ఘర్షణ లేదనుకుంటే, గుండ్రటి లూప్ అడుగున మనకి తెలిసే బరువు పైన తెలిసేదానికంటే మామూలు బరువుకి 6 రెట్లు ఎక్కువ. లూప్ ఎంత పెద్దదైనా సరే! 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో అలాగే గుండ్రంగా కడితే ఎక్కినవాళ్ళ మెడలు పట్టేశాయి. 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో వెర్నర్ స్టెంగెల్ లూప్‌ని నీటిబొట్టు ఆకారంలో గీసింది అందుకే.

క్రిస్ సాయర్ దాదాపు మొత్తం అసెంబ్లీలో రాసిన ఆ పాత గేమ్‌లో పట్టాలు అతుకుల ముక్కలే, నిజమే. కానీ కుదుపు శ్రుతి మించితే రేటింగ్ చెడుతుంది, జనం ఎక్కం పొమ్మంటారు. తప్పు డిజైన్‌కి శిక్షుంది. ప్లానెట్ కోస్టర్‌లోనూ ఇలాంటి రేటింగులున్నాయి, మరి దాని అభిమానులు వాటి ఊసెత్తరేం?

డెమోకి చప్పట్లు కొట్టే జబ్బు మనకి ఆఫీసులో ఉన్నది చాలదూ? లోపల లెక్క లేకపోతే పైన ఎంత మెరుగు పెట్టినా అది సిమ్యులేషన్ కాదు, సినిమా.