బిడ్డను తూచారు, మరి తల్లిని?

మా అమ్మాయి మొన్న శ్రావణంలో ప్రసవించింది. ఇంటికి పంపే రోజున ఆస్పత్రివాళ్ళు ఓ కాగితం చేతిలో పెట్టారు. గది శుభ్రంగా ఉందా, నర్సులు మర్యాదగా మాట్లాడారా, క్యాంటీన్ భోజనం బాగుందా... అన్నిటికీ నక్షత్రాలు వెయ్యాలట. మా అల్లుడు గబగబా ఐదేసి వేసేసి బిల్లు కట్టడానికి పరిగెత్తాడు. "నువ్వెలా ఉన్నావమ్మా?" అన్న ప్రశ్న మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఎలా ఉందో మేమూ అడగలేదు లెండి. ఐదో వారం వచ్చేసరికి పిల్ల ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. బాలింతకి ఇవన్నీ మామూలే అన్నాను. నిద్రపట్టడం లేదంటే, "పసిబిడ్డ తల్లికి నిద్రేమిటే" అని నవ్వేశాను.

ఆరోవారం టీకాకి వెళ్ళినప్పుడు అక్కడి లేడీ డాక్టరు నన్ను బయట కూర్చోమని, పిల్ల చేతికి పది ప్రశ్నల కాగితం ఇచ్చింది. కన్నతల్లిని, నేనుంటే తప్పేమిటని నాకు కోపం కూడా వచ్చింది. అది ఆ కాగితం పద్ధతేనట. తల్లి తనంతట తానే నింపాలి, పక్కనుంచి ఎవరూ అందించకూడదు.

దాన్ని ఎడిన్‌బరో స్కేలు అంటారు. 1987లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే ముగ్గురు స్కాట్లండులో బాలింతల కోసం తయారుచేశారు. గడచిన వారం రోజుల్లో మనసెలా ఉందని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 దాకా, మొత్తం 30 మార్కులు. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే సంతోషించకూడదు! మామూలుగా 13, ఆపైన వస్తే డాక్టరు కూర్చోబెట్టి వివరంగా విచారించాలి. జబ్బు ఉందని తేల్చేసే పరీక్ష కాదది, జాగ్రత్తగా చూడమని చెప్పేది మాత్రమే. నిద్ర గురించి ఎలా అడుగుతుందో చూడండి. బిడ్డ ఏడ్చి లేపుతోందా అని కాదు, దిగులుతో నిద్ర పట్టడం లేదా అని. నేను నవ్వేసిన తేడా అదే. చివరి ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. మొత్తం ఎంతైనా సరే, దానికి సున్నా రాకపోతే వెంటనే పట్టించుకోవాలి.

మా పిల్లకి 17 వచ్చాయి. చివరి ప్రశ్నకి సున్నా రాలేదు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

"మనసుని మార్కులతో కొలుస్తారా?" అంది మా వదిన. జ్వరాన్ని చెయ్యిపెట్టి చూసే మనమే థర్మామీటరూ కొన్నాం కదా వదినా! పైగా ప్రభుత్వాలూ కొలుస్తూనే ఉన్నాయి, కాకపోతే వేరేవి. జననీ సురక్షా యోజన 2005లో వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో దేశంలో నూటికి 39 కాన్పులు ఆస్పత్రుల్లో జరిగితే, 2019-21 నాటికి 89 అయ్యాయి. చిన్న విషయమేం కాదు. కానీ ఇంటికెళ్ళాక ఆ తల్లి ఎలా ఉందో ఈ అంకె చెప్పదు.

దేన్ని కొలుస్తామన్నది ఎంత ముఖ్యమో పాకిస్తాన్‌లో తేలింది. రావల్పిండి దగ్గరి పల్లెల్లో, దిగులు జబ్బుతో ఉన్న గర్భిణుల దగ్గరికి ఆరోగ్య కార్యకర్తల్ని పంపారు. సగం ఊళ్ళలో వాళ్ళకి ధైర్యం చెప్పి ఆలోచన మార్చే పద్ధతి నేర్పారు, మిగతా ఊళ్ళలో నేర్పలేదు. వెళ్ళిరావడం మాత్రం రెండు చోట్లా సమానమే. బిడ్డకి ఆరు నెలలొచ్చాక అందరినీ ఒకే కొలబద్దతో పరీక్షించారు. శిక్షణ ఉన్నచోట నూటికి 23 మందికి ఆ జబ్బు మిగిలితే, లేనిచోట 53 మందికి మిగిలింది. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది. అసలు సంగతి వినండి. పిల్లల బరువులో, ఎత్తులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక్క బిడ్డల్నే తూచి ఉంటే, "ఈ పథకం దండగ" అని ఫైలు మూసేసేవారు కదా!

మన ఆశా కార్యకర్తలు 42 రోజుల్లోపల ఇంటికొచ్చి బిడ్డని తూచే పద్ధతి ఇప్పటికే ఉంది. ఆ సంచిలోనే ఈ పది ప్రశ్నలూ పెట్టమంటాను. వైద్యం మొదలుపెట్టేముందు ఓసారి, తర్వాత ఓసారి అదే కాగితం నింపిస్తే, ఏ పథకం పనిచేసిందో ఏది చెయ్యలేదో తల్లులే చెబుతారు. కాకపోతే అత్తగారు పక్కన నిలబడి ఉండగా అడిగితే లాభం లేదు. తెలుగు కూడా మన ఆడవాళ్ళ తెలుగే కావాలి. "ఆందోళనగా ఉందా?" అంటే మా అమ్మ బందులూ ధర్నాలూ అనుకుంటుంది. గుండె దడగా ఉందా, ఏమీ తోచడం లేదా అంటే చటుక్కున చెబుతుంది. టార్గెట్లు మాత్రం పెట్టొద్దు బాబూ. పెడితే అందరికీ మంచి మార్కులే పడతాయి, మా అల్లుడి నక్షత్రాల్లాగా. అన్నిటికంటే ముందు, 17 వచ్చిన పిల్లని ఎక్కడికి పంపాలో ఆ ఆశా చేతిలో చిరునామా ఉండాలి. అది లేకుండా అడగడం పాపం.

మా అమ్మాయికి వారం వారం కౌన్సెలింగ్ జరిగింది. రాత్రిపూట ఓ పాలసీసా బాధ్యత అల్లుడు తీసుకున్నాడు. రెండు నెలలయ్యాక, "బాగానే ఉంటోందండీ" అని నేను చెప్పబోతే, డాక్టరు నా మాట పక్కనబెట్టి మళ్ళీ అదే కాగితం తీసింది. ఈసారి నేనే లేచి బయటికెళ్ళి కూర్చున్నాను. 8 వచ్చాయి. చివరి ప్రశ్నకి సున్నా.